కట్ట మీద పార్టీ మాట

కూర్చో భరతా, ఆ తెల్లచొక్కా నలిగితే నలిగిందిలే. జీపు దూరంగా నిలిపి మంచి పని చేసినావు. ఆ మైకు కూడా ఆపి వచ్చింటే బాగుండు. పొద్దున్నుంచి ఒకటే పాట. వంకలో కప్పలుంటే ఈపాటికి అవి కూడా నేర్చుకొనుండు. నీళ్ళే లేకపాయ, కప్పలు యాడనుంచి వస్తాయిలే.

కాదప్పా, కోపం కాదు. కోపానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండల్ల గదా. పొద్దున్నుంచి ఒక్కదాన్నే తట్ట మోస్తాండా. ఇదో, అరచేతులు చూడు. అనంతపురంలో కాలేజీ స్టేజీ మీద ఈ చేతులు ఊపి ఊపి మాట్లాడేదాన్ని. ఇప్పుడు వేళ్ళు మడుచుకోవు.

ఏమంటివి? మళ్ళా అను.

అయిపోయింది పో. నీకొక తట్ట.

నవ్వకు. నిజంగానే చెప్తాండా. ఈ కట్ట మీద ఎవరు పార్టీ పేరెత్తినా ఒక తట్ట మన్ను ఎక్కువ మోయల్ల. నాయకుని పేరెత్తినా అంతే, గుర్తు పేరెత్తినా అంతే. మా సంఘం లీడరు అక్కమ్మ పెట్టింది ఈ రూలు. పోయిన వారం సుబ్బలక్ష్మమ్మ పాపం చెయ్యి నొప్పి అనింది. చెయ్యి అంటే ఒక పార్టీ గుర్తే గదా, తట్ట పడినట్టేనని కొందరు. నొప్పి గుర్తు కాదు గదా అని కొందరు. అరగంట పంచాయితీ! ఆఖరికి అక్కమ్మ తీర్పు చెప్పింది, నొప్పి నిజమైతే తట్ట లేదు అని.

మేము నవ్వుకునేది అంత మాత్రమే ఉండాది ఈడ. దాన్ని కూడా నువ్వొచ్చి చెడగొట్టొద్దు.

నీళ్ళు తాగుతావా? చెంబు ఆడుండాది. నువ్వు తాగుతావులే, మీ నాయన చూడకుంటే. మీ ఇంటికొస్తే మీ అమ్మ నాకు టీ ఏ గ్లాసులో ఇచ్చిందో నాకింకా గుర్తుండాది. వద్దులే, ఆ మాట ఇప్పుడెందుకు. దానికి కూడా ఓపిక లేదు.

నువ్వొచ్చిన పని నాకు తెలుసు. శుక్రవారం కదిరిలో మీ పెద్దాయన మీటింగు. పొద్దున ఏడుకంతా లారీ వస్తాది, వంకమీదపల్లి కాలనీ ఆడోళ్ళందరినీ ఎక్కించల్ల. వాళ్ళు నా మాట వింటారు గాబట్టి నన్ను అడిగేకి వచ్చినావు. అదే గదా?

నాకు కూడా ఆ శుక్రవారమే కావల్ల. అదీ కష్టం.

ఇట్ల తిరుగు. ఇదో, ఈ గండి చూడు. అటు కట్ట అయిపోయింది, ఇటు కట్ట అయిపోయింది. నడుమ మూడు బారల సందు ఉండాది. చూసేకి ఏముంది, ఎగిరి దూకితే దాటొచ్చు అనిపిస్తాది. కానీ మేము కట్టే ఈ కుంటకు ప్రాణం ఈడనే ఉండాది. దీన్ని మెల్లగా పూడ్చేకి కాదు. ఒక పొర మన్ను వేయల్ల, నీళ్ళు చల్లల్ల, తొక్కించల్ల, మళ్ళా ఇంకొక పొర. ఆపకుండా, కాలనీ చేతులన్నీ ఒకేసారి పడల్ల. సగంలో వదిలి పెట్టినామా, వంక పారిన రోజు నీళ్ళన్నీ ఈ సందులోకే దూరి రెండు పక్కలా కట్టను తినేస్తాయి.

మడకశిర దిక్కు చూడు. మబ్బు కనపడతాందా? మూడు రోజులుగా అట్లే ఉండాది, రానా వద్దా అని ఆలోచించుకుంటా.

నీకు తెలీదా ఇదంతా? పోయినసారి ఓట్లప్పుడు కూడా నువ్వే గదా లారీ పంపించింది. అప్పుడు కూడా ఇదే గండి. ఇదే కొలత. ఫిబ్రవరిలో ఓట్లు, జనవరిలో మేము పనిలో ఉండాం. మొదట్లో బాగనే జరిగింది. వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి తట్టలు పోతాంటే చూసేకి ఎంత బాగుండె! తరువాత మీ జీపు ఒక దినం, వాళ్ళ జీపు ఒక దినం. నాలుగు రోజులు తిరిగేసరికి ఈ వరసలో ఆడోళ్ళు రెండు పార్టీలైనారు. ఒకతి తట్ట అందిస్తే ఇంకొకతి అందుకోలేదు. చేతులు కట్టుకొని నిలబడింది. తట్ట వాళ్ళిద్దరి నడుమ కింద పడింది. మన్ను పోతే పోయింది, మళ్ళా ఎత్తుకోవచ్చు. వరస తెగిపోయింది భరతా. అది మళ్ళా కలవలేదు.

ఆ తరువాత లారీలొచ్చినాయి. ఒక పూట మీకు, ఒక పూట వాళ్ళకు. అన్నం పొట్లం, సగం కూలికి సమానంగా దుడ్లు. నేనేం చెప్పేది? కట్ట మీద మేమిచ్చేది అంబలి. నేను పనిచేసే సంస్థ మీ అంత ధారాళంగా ఇచ్చేది కాదు.

అక్టోబరులో వాన పడింది. ఒక్క రాత్రి. ఈ గండిలో నుంచి పారి, కట్టిన కట్టను సగం ఊడ్చుకొని పోయి, కింద అక్కమ్మ చేన్లో పోసింది. తెలుసునా నీకు, ఈ కట్టకు జాగా ఇచ్చింది అక్కమ్మే. గవర్నమెంటోళ్ళు ఎప్పుడో పట్టా ఇచ్చిన ఆ రవ్వంత చేన్లో పైభాగం మాకు వదిలేసింది. మిగిలిన భాగంలో శెనక్కాయ పెట్టుకొనింది. తెల్లారి పోయి చూస్తే చేను లేదు, ఇసక ఉండాది. ఆమె వంగి చేతులతో ఇసక తోడతాంది. ఒక్కొక్క చెట్టు బయటికి తీసి, దులిపి, చూసి, పక్కన పెడతాంది. నేను పోయి నిలబడినా. ఏమన్నా అంటాదేమో అనుకున్నా. తిడితే బాగుండు అనుకున్నా.

“ఓట్లు లేని ఏడు సూసి కడదాం పాపా,” అనింది. అంతే.

ఓట్లు లేని ఏడు! ఇది ఓట్లు లేని ఏడే గదా భరతా? ఐదేండ్లకొకసారి అని మనం స్కూల్లో చదువుకుంటిమి గదా? అందుకే మార్చిలో మొదలుపెడితిమి. ఏప్రిల్లో ఢిల్లీలో గవర్నమెంటు పడిపోయింది. ఒక్క ఓటుతో. అక్కమ్మ ఈడనే, ఇదే రాయి మీద కూర్చొని సంగటి తింటాండె. రేడియోలో వార్త. “ఒక్క ఓటా? ఆ ఒక్కనికి ఆ పొద్దు జరమొచ్చి ఇంట్లో పండుకొనుంటే మన కట్ట అయిపోయుండు గదా,” అనింది. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినా. తరువాత ఎవరూ సంగటి ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

మా సంస్థ పెద్దసారు అనంతపురం ఆఫీసులో ఏమన్నాడో చెప్పనా? “గవర్నమెంట్లు వస్తాంటాయి, పోతాంటాయి, మన పని మనది” అన్నాడు. మంచోడు ఆయన, నిజంగానే మంచోడు. పాతికేండ్లుగా ఎంతమందిని చూసినాడో. కానీ పని చేసే మనుషులు ఈడ కదా ఉండేది? ఆ మనుషులకు గదా ఓట్లుండేది? ఢిల్లీలో పడితే మాకు రావలసిన డబ్బు కాయితాలు ఆడనే నిలబడిపోయినాయి. కొత్తోళ్ళు వచ్చినాక చూద్దాం అన్నారంట. ఎండాకాలమంతా ఆడోళ్ళు కూలి లేకుండా మోసినారు. ఉత్త అంబలి తాగి మోసినారు. ఆషాఢంలో విత్తనం పడే వాన వస్తే చేన్లకు పోయినారు, కలుపులు తీసినారు, మళ్ళా ఇప్పుడు వచ్చినారు. ఈ గండి పూడిస్తే అయిపోతాది అనుకుంటిమి. అనుకునేసరికి మీ మైకు.

గుర్తుండాదా నీకు, మన ఇద్దరికీ పెట్టిన ఆఖరు డిబేటు? “తరచు ఎన్నికలు ప్రజాస్వామ్యానికి బలం.” నువ్వు అవునని, నేను కాదని. నువ్వే గెలిచినావు. స్టీలు కప్పు ఇచ్చినారు. “పాపా, విషయం బాగుండాది, కోపం తగ్గించుకో” అన్నాడు ఆ జడ్జి నాతో. ఆ పొద్దు నాకు ఈ గండి తెలిసుంటే ఎంత బాగా మాట్లాడేదాన్నో! అప్పుడు నా దగ్గర ఉత్త మాటలుండె. ఇప్పుడు ఇంత పెద్ద ఉదాహరణ ఉండాది, వినేకి నువ్వొక్కనివే.

సరేలే. పొద్దున ఏం జరిగిందో చెప్తా విను. ఒక్కదాన్నే ఎందుకుండానో నువ్వు అడగకపోయినా చెప్తా.

మన్ను తొక్కించేకి మాకు దిమ్మెస లేదు, రోలరు లేదు. బసప్ప మంద ఉండాది. మడకశిర నుంచి ఏటా ఈ పక్క మేపుకుంటా వచ్చే గొర్రెల మంద. తడిపిన మన్ను మీద ఆ గొర్రెలను అటు ఇటు తోలితే, వాటి సన్నకాళ్ళకు మన్ను ఎట్ల దిగుతాదో చూడల్ల నువ్వు. మనిషి తొక్కితే అంత గట్టిపడదు. ఇటు కట్ట అటు కట్ట రెండూ బసప్ప మంద తొక్కిందే. ఇదో ఇట్ల కాలితో కొట్టి చూడు. దిగుతాందా? దిగదు.

ఈ పొద్దు తెల్లారి వస్తే మంద లేదు. రెండు రోజులుగా పండుకున్న జాగాలో ఉత్త పెంటికలుండాయి. పోయి వెతికితే మీ మామిడితోటలో ఉండాది. మందలో పొట్టేళ్ళన్నీ మీవాళ్ళు శుక్రవారం మీటింగు విందుకు బేరమాడినారంట. ఆ దినం దాకా మంద కదలకూడదు, తోటలోనే ఉండల్ల అన్నారంట. బసప్ప నా మొగం చూడలేకపోయినాడు. “ఏన్ మాడ్లమ్మా, దొడ్డోళ్ళు” అన్నాడు, ఏం చేసేదమ్మా అని. ఆయప్పను ఏమనేది? పెద్దోళ్ళు అడిగితే కాదనేకి ఆయప్పకు ఊరా, ఇల్లా?

కొన్నది నువ్వు కాదులే. ఎవరో. ఎప్పుడూ ఎవరో ఒకరే గదా.

మళ్ళా పేరెత్తితివి. రెండు తట్టలు.

ఏందీ? పొక్లెయినా?

... 

చెప్పు, చెప్పు. వింటాండా.

గంటలో పూడ్చేస్తాదా. అవును, పూడ్చేస్తాది. రేపే పంపిస్తావా. ఊరికేనా. డీజిలు కూడా మీదేనా.

భరతా, నువ్వు మంచోనివే. నాకు తెలుసు. నువ్వు ఈ మాట మంచికే అంటాండావు. అందుకే నీ మీద అరిచేకి రాదు నాకు.

ఆ మిషను మీద మీ జెండా ఉంటాది. తీసేయమంటే తీసేస్తావు, కానీ అది ఎవరి మిషనో ఊర్లో గొర్రెపిల్లకు కూడా తెలుసు. పక్కూర్లో కుంట అట్లనే ఒక పార్టీ మిషనుతో తవ్వినారు గదా. ఇప్పుడు ఆ నీళ్ళు సగం ఊరికి చేదు. పశువులను కూడా తోలరు ఆ పక్కకు. రాత్రి పూట ఎవడో నీళ్ళు పొర్లిపోయే మరవ పగలగొట్టినాడు. ఎవడో తెలుసు, ఎవరూ చెప్పరు. నేను నీ మిషను తెస్తే మా వరస మళ్ళా తెగుతాది. ఈ తూరి తెగితే అక్కమ్మ కూడా కలపలేదు. ఓట్లు లేని ఏడు చూద్దాం అనేకి ఆమె దగ్గర చేను కూడా లేదు. అది ఇసకై పోయింది. ఇంకొక్క వాన ఈ సందులో పారితే మిగిలిన రవ్వంత కూడా పోతాది. బెంగళూరికి పోయి మేస్త్రీల కింద ఇటుకలు మోస్తానని ఇప్పటికే అంటాంది. ఈ వయసులో! ఇటుకల తట్ట మోసేకి, ఈ తట్ట మోసేకి ఏం తేడా పాపా, అంటాంది.

చాలా తేడా ఉండాది గదా. ఉండాదా లేదా? నువ్వే చెప్పు, కప్పు గెలిచినోనివి.

అదీ గాక మిషను పోస్తాది గానీ తొక్కదు. పోసిన మన్ను పోసినట్టే ఉంటాది. పైకి కట్ట, లోపల జల్లెడ.

కాబట్టి మిషను వద్దు. నేను అడిగేది వేరే. రెండు అడుగుతా. చిన్నవే.

ఒకటి. శుక్రవారం మీ పెద్దాయన ఎన్నింటికి వస్తాడు? పన్నెండుకు అని రాసినారు గోడల మీద. నిజంగా ఎన్నింటికి వస్తాడు? నీ మొగం చూస్తేనే తెలుస్తాంది. దీపాలు పెట్టే యాలకు గానీ ఆ హెలికాప్టరు దిగదు. మరి పొద్దున ఏడుకే ఆడోళ్ళను తీసుకపోయి ఆ ఎండలో కూర్చోబెట్టేది ఎందుకు? లారీ మధ్యాహ్నం రెండుకు పంపు. కదిరి ఎంత దూరం? పెద్దాయన కంటే ముందే ఉంటారు. అందరూ వస్తారు. నేనే దగ్గరుండి ఎక్కిస్తా.

అవును, నేనే అంటాండా. అట్ల చూడొద్దు.

రెండోది. ఆ పొట్టేళ్ళను మీరు శుక్రవారం ఎప్పుడు కోస్తారు? సాయంత్రం విందుకు మధ్యాహ్నం కోస్తే చాలు గదా? పొద్దున్నే మీ తోట నుంచి మందను ఇటు తోలమని బసప్పకు నీ నోటితో చెప్పు. ఆయప్ప నా మాట కంటే నీ మాటకు భయపడతాడు. మధ్యాహ్నం దాకా ఈ గండి మన్ను తొక్కనీ. తరువాత మీవి మీరు తీసుకపోండి.

ఏమట్ల మొగం పెడతావు? అవును, కోసే పొట్టేళ్ళే. చచ్చేముందు ఒక కట్ట గట్టిచేసి పోతాయి. మనలో ఎంతమంది అట్ల పోతారప్పా?

మన్ను యాడిదా? తట్టలతో ఒక దినంలో అంత మన్ను ఎట్ల తెస్తారు అంటావా. అడుగుతావనే అనుకున్నా. నీకు బుర్ర ఉండాది, కాలేజీ నుంచీ ఉండాది, ఆ జీపులో తిరిగి తిరిగి పాడైపోలేదింకా.

రేపు ట్రాక్టరు వస్తాది. జిగటమన్ను చెరువు నుంచి తోలుతాది. శ్రీరంగప్పది.

ఆ శ్రీరంగప్పే. అవతలి పక్క ఆయప్పే. అరవద్దు. జెండా లేకుండా వస్తాది. వాళ్ళకు ఆదివారం మీటింగుండాది. దానికి కూడా ఆడోళ్ళను నేనే ఎక్కిస్తానని నిన్న చెప్పొచ్చినా.

ఇప్పుడు చూడు, ఎట్ల చూస్తావో చూడు నన్ను.

వాళ్ళ మన్ను, మీ గొర్రెలు. రెండూ కలిపి తొక్కితే ఏది ఎవరిదో ఎవడు చెప్తాడు? అక్కమ్మకు ఈ మాట చెప్తే, “రెండు పక్కలవీ పడితే ఎవురిదీ కాదులే” అనింది. కానీ మొగం పక్కకు తిప్పుకునే అనింది.

మా సంస్థలో రూలు ఏమో తెలుసునా నీకు? సంఘం ఏ పార్టీ మీటింగుకూ పోకూడదు. పోయే మనిషి తన కాళ్ళతో తాను పోవచ్చు, సంఘం పోకూడదు. ఈ ఐదేండ్లలో ఆ రూలు నేనే ఇల్లిల్లూ తిరిగి నేర్పించినా. మీరు అమ్ముడుపోయే గొర్రెలా అని అడిగినా వాళ్ళను. అదే మాట, అక్షరం మారకుండా. ఎంత బాగా మాట్లాడతాంది మా కృప అని మురిసిపోయినారు. నిన్న ఒకసారి, ఇప్పుడొకసారి, నేనే అందరినీ అమ్మినా. పెద్దసారుకు తెలిస్తే ఉద్యోగం పోతాది. తెలుస్తాదిలే, ఇట్లాంటివి అనంతపురం దాకా పోయేకి బస్సు కూడా అక్కరలేదు.

పొద్దున ఆడోళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పినా. ఈడనే, కట్ట మీదనే. చెప్పేటప్పుడు రెండు పార్టీల పేర్లూ చెప్పల్లసి వచ్చింది గదా. అక్కమ్మ లేచి, ఒక తట్ట తెచ్చి నా ముందర పెట్టింది. తరువాత ఇంకొకటి తెచ్చింది. పెట్టి, అందరినీ ఇండ్లకు తీసుకపోయింది. రేపు పొద్దున వస్తాం, ఈ పొద్దు నీది అనింది.

అందుకే ఒక్కదాన్నే ఉండా. రెండు తట్టలు ఎప్పుడో మోసేసినా. తరువాత ఆపాలనిపించలేదు.

సరేనా? రెండుకు లారీ. పొద్దున్నే మంద. నోటితో చెప్పు, తల ఊపితే నాకు చాలదు. స్టేజీ మీద అట్లే తల ఊపి తరువాత మాట మార్చేవోనివి.

ఆ. సరే.

లెయ్ ఇంక. నీ తట్టలుండాయి గదా. చొక్కా చేతులు పైకి మడుచుకో. నేను నింపుతా, నువ్వు మొయ్యి. గండి అంచుకు పోవద్దు, మన్ను జారతాది. ఆ పక్కన పొయ్యి. అట్ల కాదప్పా, తల మీద గుడ్డ పెట్టుకో, ఆ కండువా ఉండాది గదా. దానికి ఇంతకంటే మంచి పని దొరకదు.

ఎవరు గెలుస్తారో నాకు తెలీదు భరతా. నువ్వు చెప్పొద్దు, చెప్తే ఇంకొక తట్ట. ఎవరు గెలిచినా నాకు ఒక్క సాయం చెయ్యి. ఢిల్లీలో మళ్ళా పడిపోయేట్టుంటే, రెండు మూడు నెలలు ముందే చెప్పి పంపు. పై వంకలో ఇంకొక కట్టకు జాగా చూసి పెట్టినాం, ఆ ఓట్లకు అది కట్టుకుంటాం. మామూలు రోజుల్లో మీరు యాడ దొరుకుతారు మాకు?